లండన్ జీతం, దిల్‌సుఖ్‌నగర్ లోన్: బ్రిటన్ ఖర్చుల అసలు లెక్క

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది బ్రిటన్‌లో రోజువారీ ధరల గురించి. "బ్రిటన్‌లో టమాటా రేటు పెరిగితే ఎల్బీ నగర్‌లో ఉన్న నాకేంటి అన్నా?" అని మీకు డౌట్ రావచ్చు. కరెక్ట్ డౌటే. కానీ ఒక్కసారి దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర నుంచి చైతన్యపురి వైపు నడుస్తూ పైకి చూడండి. ఒకప్పుడు మొత్తం ఎంసెట్ బోర్డులు, సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు. ఇప్పుడు వాటి మధ్యలో యూకే జెండా, "స్టడీ అబ్రాడ్", "ఐఈఎల్‌టీఎస్ లేకుండా యూకే". ఆ బోర్డు కింద మెట్లెక్కి పైకి వెళ్లే ప్రతి ఒక్కరి ఇంట్లో ఒక లోన్ మొదలవుతుంది. ఆ లోన్ తీరుతుందా లేదా అన్నది లండన్‌లో, లెస్టర్‌లో, బర్మింగ్‌హామ్‌లో రూమ్ రెంట్ ఎంత, పార్ట్ టైమ్ గంటలు ఎన్ని అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఇది మన టాపిక్కే.

ఒక మాట ముందే చెప్తున్నా. "వెళ్లొద్దు" అని చెప్పే వీడియో కాదిది. "వెళ్లండి, లైఫ్ సెట్" అని చెప్పే వీడియో కూడా కాదు. లెక్క మీ ముందు పెడతా. డెసిషన్ మీది, మీ ఇంట్లో వాళ్లది.

ముందు అసలు ఏం జరిగింది?

2021 దాకా బ్రిటన్‌లో ధరలు చాలా నెమ్మదిగా పెరిగేవి. వాళ్ల సెంట్రల్ బ్యాంక్ పేరు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్. మన రిజర్వ్ బ్యాంక్ టార్గెట్ 4 శాతం, పైకీ కిందికీ ఇంకో 2 శాతం వెసులుబాటు. బ్రిటన్ టార్గెట్ 2 శాతం మాత్రమే. అలాంటి దేశంలో 2022 అక్టోబర్‌లో ఇన్‌ఫ్లేషన్ 11.1 శాతానికి వెళ్లింది. 41 ఏళ్లలో అదే ఎక్కువ. తిండి సామాన్ల సంగతి ఇంకా దారుణం. 2023 మార్చిలో ఆహార ధరల పెరుగుదల 19 శాతం దాటింది. అంటే ముందు ఏడాది 100 పౌండ్లకు వచ్చిన కిరాణాకి ఇప్పుడు 119 పౌండ్లు.

ఎందుకు పెరిగింది? మూడు కారణాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది కరోనా. ఫ్యాక్టరీలు, షిప్పింగ్ అన్నీ ఆగిపోయి, మళ్లీ ఒకేసారి డిమాండ్ వచ్చింది. సరుకు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ.

రెండోది గ్యాస్. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టింది. యూరప్ అంతా గ్యాస్ రేటు ఎగిరిపోయింది. బ్రిటన్‌కి దెబ్బ ఎక్కువ తగలడానికి రీజన్ ఉంది. అక్కడ ఎక్కువ ఇళ్లలో చలికాలం వేడి కోసం, స్నానం నీళ్ల కోసం వాడేది గ్యాసే. మన దగ్గర గ్యాస్ అంటే వంటింట్లో సిలిండర్. అక్కడ గ్యాస్ అంటే ఇల్లు మొత్తం వెచ్చగా ఉండాలి. పైగా కరెంట్ రేటు కూడా చాలాసార్లు గ్యాస్ ప్లాంట్ రేటుని బట్టే ఫిక్స్ అవుతుంది. ఇదెలాగంటే, సద్దుల బతుకమ్మ ముందు రోజు బంతిపూలు గుర్తు తెచ్చుకోండి. దగ్గర ఊరి రైతుకి ఖర్చు తక్కువే అయింది. కానీ డిమాండ్‌కి సరిపోక దూరం నుంచి ఎక్కువ ఖర్చుతో ఇంకో బండి వచ్చింది. ఆ చివరి బండి రేటే మార్కెట్ రేటు అయిపోతుంది, దగ్గర రైతు కూడా అదే రేటుకి అమ్ముతాడు. బ్రిటన్ కరెంట్ మార్కెట్‌లో ఆ చివరి బండి చాలాసార్లు గ్యాస్ ప్లాంటే.

మూడోది దిగుమతులు. బ్రిటన్ తన ఆహారంలో దాదాపు 40 శాతం బయట నుంచి తెచ్చుకుంటుంది. 2023 ఫిబ్రవరిలో స్పెయిన్, మొరాకోల్లో వాతావరణం బాగాలేక పంట తగ్గింది. అప్పుడు బ్రిటన్ సూపర్ మార్కెట్లలో ఒక కస్టమర్‌కి మూడు టమాటా ప్యాకెట్లే అని లిమిట్ పెట్టారు. బ్రిటన్‌లో టమాటాకి రేషన్! నవ్వొస్తుంది కదా. కానీ అదే ఏడాది జూలైలో మన దగ్గర ఏం జరిగింది? కిలో టమాటా 150 రూపాయలు దాటింది. సరూర్‌నగర్ రైతు బజార్‌లో టమాటా కోసం లైన్లు. వాతావరణం దెబ్బ కొడితే ధనిక దేశం, పేద దేశం అని చూడదు.

ఇంకో కనెక్షన్ చెప్తా, ఇది మన తెలుగు వాళ్లకి బాగా తగిలింది. 2023 జూలై 20న మన దేశం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. దేశంలో బియ్యం రేటు పెరగకుండా ఉండటానికి తీసుకున్న డిసిషన్ అది. మరుసటి రోజు నుంచి విదేశాల్లో ఇండియన్ స్టోర్ల ముందు సోనా మసూరి బస్తాల కోసం ఎగబడిన వీడియోలు మీరు చూసే ఉంటారు. 2024 సెప్టెంబర్ చివర్లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇక్కడ మన అమ్మ కొనే బియ్యం రేటు పెరగకూడదని ఆపితే, అక్కడ మన తమ్ముడు వండుకునే బియ్యం రేటు పెరిగింది. ధరలన్నీ ఇలా తీగలాగా ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి.

ఇన్‌ఫ్లేషన్ తగ్గింది కదా, మరి ధరలు తగ్గాయా?

చాలా మంది ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు. కన్సల్టెన్సీలో కూర్చుంటే "అదంతా 2022 కథ, ఇప్పుడు యూకేలో ఇన్‌ఫ్లేషన్ తగ్గిపోయింది" అంటారు. అది నిజమే. 2024 సెప్టెంబర్‌లో 1.7 శాతానికి పడిపోయింది. ఆ తర్వాత 2025లో మళ్లీ 3.8 శాతం దాకా వచ్చింది. కానీ ఇన్‌ఫ్లేషన్ తగ్గడం వేరు, ధర తగ్గడం వేరు.

సింపుల్‌గా చెప్తా. మీరు ఎల్బీ నగర్ రింగ్ రోడ్ దగ్గర బండి స్టార్ట్ చేసి విజయవాడ హైవే మీద వెళ్తున్నారు. మొదట 80 స్పీడ్. హయత్‌నగర్ దాటాక 30కి తగ్గించారు. స్పీడ్ తగ్గింది కాబట్టి మీరు మళ్లీ ఎల్బీ నగర్ వచ్చేసినట్టా? కాదు కదా. ముందుకే వెళ్తున్నారు, కాకపోతే నెమ్మదిగా. ఇన్‌ఫ్లేషన్ అంటే స్పీడ్. ధర అంటే మీరు ఎంత దూరం వచ్చారో ఆ కిలోమీటర్లు. వెనక్కి రావాలంటే ఇన్‌ఫ్లేషన్ మైనస్‌లోకి వెళ్లాలి. బ్రిటన్‌లో అది జరగలేదు.

2021 మే నుంచి 2024 మే మధ్య మూడేళ్లలో బ్రిటన్‌లో ఆహార ధరలు దాదాపు 30 శాతం పెరిగాయి. అంతకుముందు అంత పెరగడానికి 13 ఏళ్లు పట్టింది. అంటే 13 ఏళ్ల పెరుగుదల మూడేళ్లలో వచ్చేసింది. రెంట్లు ఇంకా లేటుగా పెరగడం మొదలై, 2024లో ఏడాదికి 9 శాతం దాకా వెళ్లాయి. మీ సీనియర్ 2019లో చెప్పిన "నెలకి ఇంతలో అయిపోతుంది రా" అనే నంబర్ ఇప్పుడు పనికిరాదు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్క పాత వెర్షన్, అంతే.

ఇంకో పాయింట్. న్యూస్‌లో వచ్చే ఇన్‌ఫ్లేషన్ నంబర్ మీ నంబర్ కాదు. దేశం మొత్తం సగటు కుటుంబం ఏం కొంటుందో ఒక బుట్ట తయారుచేసి, ఆ బుట్ట ధర ఎంత మారిందో లెక్కేస్తారు. మన దేశంలో 2012 బేస్ సిరీస్‌లో ఆహారం, పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. అంటే ఆ బుట్టలో దాదాపు సగం తిండే. బ్రిటన్ బుట్టలో తిండి వాటా పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది. వాళ్ల బుట్టలో కార్లు, హాలిడేలు, రెస్టారెంట్లు, ఫోన్లు అన్నీ ఉంటాయి. మీరు స్టూడెంట్. మీ బుట్టలో ఏముంటాయి? రూమ్ రెంట్, బియ్యం, కూరగాయలు, బస్సు పాస్, ఫోన్ రీఛార్జ్. వాటిలో రెంట్, తిండి బాగా పెరిగాయి. అందుకే పేపర్లో 3 శాతం అని ఉన్నా, స్టూడెంట్ జేబుకి అంతకంటే ఎక్కువ తగలొచ్చు.

ఇప్పుడు మన లెక్కకి వద్దాం

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఓపెన్ చేయండి. లెక్క సులువుగా ఉండటానికి ఒక పౌండ్ అంటే 120 రూపాయలు అనుకుందాం. మీరు చూసే రోజు రేటు వేరుగా ఉంటే అదే వేసుకోండి.

బ్రిటన్ గవర్నమెంట్ స్టూడెంట్ వీసా ఇచ్చేటప్పుడు "ఇక్కడ బతకడానికి నీ దగ్గర డబ్బు ఉందా?" అని అడుగుతుంది. మనవాళ్లు దీన్నే షో మనీ అంటారు. 2020 నుంచి ఇది లండన్ బయట నెలకి 1,023 పౌండ్లు, లండన్‌లో 1,334. 2025 జనవరిలో 1,136, 1,483 అయింది. 2025 నవంబర్ 11 నుంచి లండన్ బయట 1,171, లండన్‌లో 1,529. ఒక ఏడాది కోర్సుకి 9 నెలల డబ్బు చూపించాలి. లండన్ బయట 10,539 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 12 లక్షల 65 వేలు. లండన్‌లో 13,761 పౌండ్లు, దాదాపు 16 లక్షల 51 వేలు. కట్టాల్సిన ఫీజు మిగిలుంటే అది వేరే. ఈ డబ్బు వరుసగా 28 రోజులు అకౌంట్‌లో ఉండాలి.

ఇక్కడ జాగ్రత్త. చాలా మంది దీన్ని ఒక ఫార్మాలిటీ అనుకుంటారు. ఎవరి దగ్గరో నెల రోజులకి వడ్డీకి తెచ్చి, అకౌంట్‌లో చూపించి, వీసా రాగానే తిరిగిచ్చేస్తారు. స్క్రీన్ మీద 12 లక్షలు ఉంటాయి, ఎయిర్‌పోర్ట్‌లో దిగేటప్పటికి జేబులో మూడు నాలుగు వందల పౌండ్లు ఉంటాయి. ఆలోచించండి, ఆ నంబర్ ఎందుకు పెట్టారు? "ఒక స్టూడెంట్ నెల గడవాలంటే కనీసం ఇంత కావాలి" అని ఆ దేశమే చెప్తున్న నంబర్ అది. దాన్ని మీరు వీసా కండిషన్‌లాగా కాదు, బడ్జెట్‌లాగా చదవాలి.

దీనికి తోడు హెల్త్ సర్‌ఛార్జ్, మనవాళ్లు ఐహెచ్‌ఎస్ అంటారు. స్టూడెంట్స్‌కి ఏడాదికి 470 పౌండ్లు ఉండేది, 2024 ఫిబ్రవరి నుంచి 776 అయింది. ఒక ఏడాది మాస్టర్స్‌కి కోర్సు తర్వాత నెలలు కూడా కలిపి ఏడాదిన్నర లెక్క పడుతుంది, అంటే 1,164 పౌండ్లు. మన డబ్బుల్లో దాదాపు లక్షా 40 వేలు. విమానం ఎక్కకముందే.

"పార్ట్ టైమ్ చేస్తే సరిపోతుంది అన్నా"

ఈ డైలాగ్ నేను ఎన్నిసార్లు విన్నానో. సరే, లెక్కేద్దాం. బ్రిటన్‌లో 21 ఏళ్లు దాటిన వాళ్లకి కనీస వేతనం 2026 ఏప్రిల్ నుంచి గంటకి 12.71 పౌండ్లు. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, మాస్టర్స్ వాళ్లు చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి చేయకూడదు. 20 ఇంటూ 12.71 అంటే వారానికి 254 పౌండ్లు. నెలకి సగటున 1,101 పౌండ్లు. ఈ స్థాయిలో ట్యాక్స్ పెద్దగా పడదు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టండి. ప్రతి వారం మిస్ కాకుండా 20 గంటలు చేస్తే వచ్చేది 1,101. గవర్నమెంట్ చెప్పిన కనీస ఖర్చు లండన్ బయట 1,171. లండన్‌లో 1,529. అంటే లండన్ బయటే 70 పౌండ్లు తక్కువ, లండన్‌లో 428 పౌండ్లు తక్కువ. పార్ట్ టైమ్‌తో ఫీజు కడతా అన్న మాట ఇక్కడే ఆగిపోయింది. ఫీజు సంగతి పక్కన పెట్టండి, నెల గడవడానికే అటూ ఇటూగా ఉంది. మీ వయసు 21 లోపైతే కనీస వేతనం 10.85 మాత్రమే, నెలకి 940.

మనవాళ్లు పొదుపుగా ఉంటారు, ఒప్పుకుంటా. ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకుని, ఇంట్లో వండుకుని గడిపేస్తారు. ఒక ఊహ లెక్క వేద్దాం. లండన్ బయట ఒక ఊళ్లో రెంట్, బిల్లులు కలిపి 550, కిరాణా 180, బస్సు 70, ఫోన్ 10, మిగతావి 90. మొత్తం 900. ఇవి నేను ఉదాహరణకి పెట్టిన నంబర్లు, మీరు వెళ్లే ఊరి నంబర్లు మీరు పెట్టుకోండి. 1,101లో 900 పోతే నెలకి 200 పౌండ్లు మిగులు. మన డబ్బుల్లో 24 వేలు. బాగుంది కదా?

ఇప్పుడు లోన్ వైపు చూడండి. 25 లక్షల లోన్, 11 శాతం వడ్డీ అనుకుంటే నెలకి వడ్డీ ఒక్కటే దాదాపు 22,900. అంటే మీరు వారానికి 20 గంటలు నిలబడి పని చేసి, నెలంతా లెక్క చూసుకుని మిగిల్చింది వడ్డీకి సరిపోయింది. అసలులో తగ్గింది దాదాపు ఏమీ లేదు. అది కూడా మొదటి వారం నుంచే ఉద్యోగం దొరికితే. వారానికి 12 గంటలే దొరికాయనుకోండి. నెలకి 661 పౌండ్లు. ఖర్చు 900. నెలకి 239 పౌండ్లు, అంటే 28 వేలకి పైగా, ఇంటి నుంచి నాన్న పంపాలి. తేడా ఎక్కడొచ్చింది? ధరల్లో కాదు, గంటల్లో.

గంటలు ఎందుకు దొరకట్లేదు? కనీస వేతనం 2021లో 8.91 ఉండేది, ఐదేళ్లలో 12.71 అయింది. వర్కర్‌కి మంచిదే. కానీ అదే సమయంలో 2025 ఏప్రిల్ నుంచి కంపెనీలు ఒక్కో ఉద్యోగి మీద కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది, అది మొదలయ్యే జీతం లిమిట్ ఏడాదికి 9,100 పౌండ్ల నుంచి 5,000కి దిగింది. పార్ట్ టైమ్ కుర్రాడి మీద చాలా కంపెనీలు కట్టేది ఇంతకుముందుకంటే పెరిగింది. చిన్న రెస్టారెంట్, చిన్న షాపు ఏం చేస్తుంది? ఇద్దరు చేసే పని ఒకరితో చేయించుకుంటుంది. ఇంకోవైపు పని అడిగేవాళ్లు ఎక్కువ. 2022లో యూకే స్టూడెంట్ వీసాల్లో భారతీయులు చైనా వాళ్లని దాటి మొదటి స్థానానికి వచ్చారు. ఒకే బ్యాచ్, ఒకే ఊరు, అదే షాపు ముందు అందరి సీవీలు.

ఇంకో ట్రాప్. "సమ్మర్‌లో ఫుల్ టైమ్ చేసుకోవచ్చు" అంటారు. డిగ్రీ వాళ్లకి కరెక్ట్. మాస్టర్స్ వాళ్లకి సమ్మర్ అంటే డిసర్టేషన్ టైమ్. అది సెలవు కాదు, చదువు కిందే లెక్క. అక్కడ కూడా 20 గంటలే. మీ యూనివర్సిటీ ఇచ్చే టర్మ్ డేట్స్ చూసుకోవాలి. అలాగే స్టూడెంట్ వీసా మీద సొంతంగా వ్యాపారం, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ చేయకూడదు. ఫుడ్ డెలివరీ యాప్‌లలో పని చాలావరకు సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంటే. ఎవరిదో అకౌంట్ అద్దెకి తీసుకుని బండి తోలడం, చేతిలో క్యాష్ తీసుకుని 40 గంటలు చేయడం, ఇవి దొరికితే వీసాకే ఎసరు. పైగా ఆ క్యాష్ పనిలో మీకు కనీస వేతనం ఇవ్వకపోయినా అడగడానికి భయం. దాన్ని వాడుకునే ఓనర్లలో మన భాష మాట్లాడేవాళ్లు కూడా ఉంటారు. ధరలు పెరిగినప్పుడు ఇలాంటి ఆశలు ఎక్కువ పనిచేస్తాయి, అందుకే చెప్తున్నా.

హాస్టల్ లెక్క వేరు, ఇంటి లెక్క వేరు

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో నెలకి ఒక్కసారి డబ్బు కడితే అందులో బెడ్, మూడు పూటలా భోజనం, కరెంట్, వైఫై, నీళ్లు అన్నీ వచ్చేస్తాయి. చట్నీ బాగాలేదని తిడతాం, కానీ లెక్క మాత్రం ఒకటే నంబర్. అక్కడ అన్నీ విడివిడిగా ఉంటాయి.

కరెంట్, గ్యాస్. అక్కడ ఆఫ్‌జెమ్ అనే సంస్థ ప్రైస్ క్యాప్ పెడుతుంది. 2021 అక్టోబర్‌లో ఒక మామూలు ఇంటికి ఏడాదికి 1,277 పౌండ్లు. 2022 అక్టోబర్‌కి 3,549 అయింది, అప్పుడు గవర్నమెంట్ మధ్యలోకి వచ్చి 2,500 దగ్గర ఆపింది. కానీ క్యాప్ అంటే మీ బిల్లు అంతకంటే ఎక్కువ రాదు అని కాదు. ఒక యూనిట్ రేటుకి లిమిట్ అది. ఎక్కువ వాడితే ఎక్కువ కట్టాల్సిందే. మన దగ్గర శ్లాబులు ఉంటాయి, తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హులకి 200 యూనిట్ల దాకా ఉచితం కూడా. అక్కడ అలా కాదు, మొదటి యూనిట్ నుంచే డబ్బు, ఏమీ వాడకపోయినా రోజుకి స్టాండింగ్ ఛార్జ్. అందుకే రూమ్ మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న: "బిల్లులు కలిపా, విడిగానా?"

కౌన్సిల్ ట్యాక్స్. ఫుల్ టైమ్ స్టూడెంట్స్ మాత్రమే ఉన్న ఇంటికి ఇది ఉండదు. కానీ మీ ఇంట్లోకి చదువు అయిపోయి పీఎస్‌డబ్ల్యూ మీద ఉన్న అన్న ఒకాయన చేరాడనుకోండి, ఆ ఇంటికి బిల్లు మొదలవుతుంది. ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోకపోతే ఫ్రెండ్‌షిప్‌లు పోతాయి.

రెంట్. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకి డిపాజిట్ ఐదు వారాల రెంట్ మించి తీసుకోకూడదు, దాన్ని 30 రోజుల్లోపు ప్రొటెక్షన్ స్కీమ్‌లో పెట్టాలి. ఇంతకుముందు గ్యారంటర్ లేని మన స్టూడెంట్స్‌ని ఆరు నెలల రెంట్ ముందే అడిగేవారు. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కొత్త చట్టం ప్రకారం ఒక నెల కంటే ఎక్కువ అడ్వాన్స్ అడగకూడదు. స్టూడెంట్ హాస్టళ్లకి, ఓనర్‌తో ఒకే ఇంట్లో ఉండేవాళ్లకి రూల్స్ వేరు. ఏదైనా సరే, రూమ్ చూడకుండా వాట్సాప్ ఫొటో చూసి ఇక్కడి నుంచే డిపాజిట్ పంపొద్దు.

బస్సు. ఇంగ్లండ్‌లో సింగిల్ బస్సు టికెట్ 2 పౌండ్లు మించకుండా 2023లో లిమిట్ పెట్టారు. 2025 జనవరి నుంచి ఆ లిమిట్ 3 పౌండ్లు అయింది. మన దగ్గర 2025 మేలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 69 రూపాయలు అయితే ఎంత గొడవ చేశాం! అక్కడ 2 నుంచి 3 అంటే 50 శాతం. రెంట్ 50 పౌండ్లు తక్కువ అని ఊరి చివర రూమ్ తీసుకుంటే, బస్సులకే అంతకంటే ఎక్కువ పోవచ్చు. రెండూ కలిపి చూడండి.

రూపాయి దెబ్బ

బ్రిటన్‌లో ఏమీ పెరగకపోయినా మనకి పెరిగే ధర ఒకటుంది. అదే పౌండ్ రేటు. 2022 సెప్టెంబర్‌లో అక్కడ లిజ్ ట్రస్ ప్రభుత్వం పెట్టిన మినీ బడ్జెట్ తర్వాత పౌండ్ పడిపోయి, మన డబ్బుల్లో 90 లోపుకి వచ్చింది. అప్పుడు 10,000 పౌండ్లు పంపాలంటే 9 లక్షల లోపే. 120 దగ్గర అదే 10,000కి 12 లక్షలు. యూనివర్సిటీ ఒక్క పౌండ్ పెంచలేదు, మన ఇంట్లో మాత్రం 3 లక్షలు ఎక్కువైంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది కూడా చెప్పాలి. మీరు అక్కడ నిజంగా ఉద్యోగంలో సెటిలై పౌండ్లలో సంపాదిస్తే, ఇదే రేటు మీకు ఫ్రెండ్. ఇక్కడి లోన్ తొందరగా తీరుతుంది. చాలా కుటుంబాలు అలాగే పైకొచ్చాయి, అది అబద్ధం కాదు. ప్రశ్న ఏంటంటే, ఆ ఉద్యోగం దొరికే దాకా మీరు ఎన్ని నెలలు తట్టుకోగలరు?

ఎందుకంటే ఆ కిటికీ కూడా చిన్నదవుతోంది. చదువు తర్వాత ఉండే గ్రాడ్యుయేట్ రూట్, మన పీఎస్‌డబ్ల్యూ, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసే డిగ్రీ, మాస్టర్స్ వాళ్లకి రెండేళ్లు కాదు, 18 నెలలే. ఈ 2026 సెప్టెంబర్‌లో ఏడాది మాస్టర్స్‌లో చేరేవాళ్లు అందులోకే వస్తారు. స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలు జీతం లిమిట్ 2024 ఏప్రిల్ దాకా 26,200 పౌండ్లు ఉండేది. తర్వాత 38,700, 2025 జూలై 22 నుంచి 41,700. కొత్తగా కెరీర్ మొదలుపెట్టే వాళ్లకి 33,400 దాకా సడలింపు ఉంది. కానీ మామూలుగా డిగ్రీ స్థాయి ఉద్యోగమే అయి ఉండాలి. షాపులో, వేర్‌హౌస్‌లో పనితో ఈ వీసా రాదు.

సంతకం పెట్టే ముందు

ఐదు పనులు చేయండి. ఒకటి, మీరు వెళ్లే ఊరి పేరుతో ఈరోజు రెంట్లు మీరే వెతకండి, కన్సల్టెన్సీ ఇచ్చిన పేపర్ మీద నంబర్ కాదు. రెండు, అక్కడ ఈ ఏడాది చదువుతున్న జూనియర్ ఒకరితో మాట్లాడండి, 2019 సీనియర్‌తో కాదు. "వారానికి ఎన్ని గంటలు దొరుకుతున్నాయి, ఎన్ని నెలలకి దొరికింది?" ఈ రెండే అడగండి. మూడు, పార్ట్ టైమ్ ఆదాయం సున్నా అనుకుని ఆరు నెలల బడ్జెట్ రాయండి. ఆ ఆరు నెలలు నిజం డబ్బుతో గడిచేలా ఉంటేనే ముందుకెళ్లండి. నాలుగు, వడ్డీ మొదటి నెల నుంచి ఎవరు కడతారో ఇంట్లో కూర్చుని మాట్లాడండి. మారటోరియం అంటే వడ్డీ ఆగడం కాదు, చాలా లోన్లలో అది అసలుకి కలుస్తూ పోతుంది. ఐదు, పౌండ్ ఇంకో 10 రూపాయలు పెరిగితే మీ లెక్క నిలబడుతుందా చూడండి.

ఈ ఐదూ చేశాక కూడా లెక్క కుదిరితే, ధైర్యంగా వెళ్లండి. మీ ప్లాన్ గట్టిదన్నమాట. కుదరకపోతే ఒక ఏడాది ఆగి, ఇక్కడ ఉద్యోగం చేసి, కొంత డబ్బు, కొంత ఎక్స్‌పీరియన్స్ చేతిలో పెట్టుకుని వెళ్లడం తప్పేం కాదు. ఇన్‌టేక్ ప్రతి సెప్టెంబర్‌కి వస్తుంది, కొన్ని యూనివర్సిటీల్లో జనవరికి కూడా వస్తుంది. నాన్న తాకట్టు పెట్టిన ఇంటి కాగితాలు మాత్రం ఒక్కటే సెట్ ఉంటాయి.

ఈ లెక్క మీ ఇంట్లో అమ్మానాన్నలకి కూడా చూపించండి. వాళ్లకి పౌండ్లు తెలియకపోవచ్చు, వడ్డీ మాత్రం మనకంటే బాగా తెలుసు.